వియత్నాం కాఫీ

వియత్నాం కాఫీ అనేది ఆగ్నేయాసియాలోని వియత్నాం దేశంలో రూపుదిద్దుకున్న ఒక కాఫీ తయారీ పద్ధతి. ఆ పద్ధతిలో తయారైన పానీయానికి కూడా ఇదే పేరు. ముదురుగా వేయించిన రొబస్టా గింజల పొడిని ఫిన్ అనే చిన్న లోహపు వడపోత పాత్రలో వేసి, మరిగిన నీరు పోసి, బొట్టుబొట్టుగా దిగిన చిక్కని డికాక్షనును కండెన్స్‌డ్ మిల్కుతో (చక్కెర కలిపి చిక్కబరచిన డబ్బాపాలు) కలిపి త్రాగడం దీని ప్రత్యేకత. వేడిగానూ, మంచుముక్కలు వేసి చల్లగానూ త్రాగుతారు. ఉష్ణదేశం కావడం వలన చల్లని కాఫీకే ఆదరణ ఎక్కువ.

కాఫీ ఉత్పత్తిలో వియత్నాం బ్రెజిల్ తరువాత ప్రపంచంలో రెండవ స్థానంలో ఉన్నది. ఒక్క రొబస్టా రకాన్ని మాత్రమే లెక్కిస్తే ప్రథమ స్థానం వియత్నాందే. ఆ దేశంలో పండే కాఫీలో నూటికి తొంభైకి పైగా రొబస్టాయే. దక్షిణ భారతదేశపు ఫిల్టరు కాఫీకి, వియత్నాం కాఫీకి పద్ధతిలో దగ్గరి పోలికలున్నాయి. అందువలన ఫిల్టరు కాఫీ చేయడం తెలిసినవారు దీనిని ఇంటిలో సులభంగా తయారు చేసుకొనవచ్చును.

పేర్లు

వియత్నామీ భాషలో కాఫీని "కా ఫే" అంటారు. ఇది ఫ్రెంచి పదమైన "కఫే" నుండి వచ్చింది. ఫిన్ అనే మాటకు కూడా మూలం ఫ్రెంచే. వడపోత అనే అర్థం గల "ఫిల్త్ర్" అనే పదం వియత్నామీల నోట "ఫిన్" అయింది.

కొన్ని మాటలు తెలిస్తే కాఫీ కొట్టులోని పేర్లన్నీ విడమరచి చెప్పుకొనవచ్చును. "సువా" అంటే పాలు, "దెన్" అంటే నలుపు, "నోంగ్" అంటే వేడి. "దా" అంటే రాయి, మంచుగడ్డ అని రెండర్థాలు. కనుక కా ఫే సువా దా అంటే మంచుతో పాలకాఫీ, కా ఫే దెన్ నోంగ్ అంటే పాలు లేని వేడి కాఫీ. దేశపు ఉత్తర భాగంలో, ముఖ్యంగా హనోయ్‌లో, పాలకాఫీని గోధుమరంగు అనే అర్థంలో "నౌ" అంటారు. దక్షిణాదిన సైగాన్‌లో (నేటి హో చి మిన్ నగరం) "సువా" అనే మాటే వాడుక.

కాఫీ మొక్కల పేర్లు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. ఆకులు చిన్నవిగా తేయాకును పోలి ఉన్నందున అరబికాను తేయాకు కాఫీ అని, పెద్ద ఆకులు పనస ఆకులను పోలి ఉన్నందున ఎక్సెల్సా రకాన్ని పనస కాఫీ అని అక్కడి రైతులు పిలుస్తారు.

చరిత్ర

వియత్నాంకు కాఫీ మొక్కను 1857లో ఫ్రెంచి కాథలిక్ మతప్రచారకులు తీసుకువచ్చారు. మొదట ఉత్తరాన చర్చి ఆవరణలలోనూ, చుట్టుప్రక్కల తోటలలోనూ అరబికాను నాటారు. తరువాత ఫ్రెంచి వలస ప్రభుత్వం పెద్ద ఎస్టేట్లను ప్రోత్సహించింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో సాగు మధ్య పీఠభూమికి విస్తరించింది. ఈ పీఠభూమిని వియత్నామీలు తాయ్ న్గుయెన్ అంటారు. అగ్నిపర్వత శిలల నుండి ఏర్పడిన ఎర్రని బసాల్టు నేల, స్పష్టంగా విడిపోయిన వానకాలము, ఎండకాలము ఇక్కడి విశేషాలు. అరబికాను ఆకుత్రుప్పు తెగులు పట్టి పీడించగా, దానిని తట్టుకోగలిగిన రొబస్టా క్రమంగా పీఠభూమిని ఆక్రమించింది.

కాఫీలో డబ్బాపాలు చేరడానికి కారణం రుచికన్నా ముందు అవసరము. వియత్నామీల సంప్రదాయ ఆహారంలో పాలకు, పెరుగుకు, నేతికి స్థానం లేదు. పాడి పశువుల పెంపకం లేదు. వేడి వాతావరణంలో పచ్చిపాలు నిలువవు. పాలు లేనిదే కాఫీ రుచించని ఫ్రెంచివారు ఐరోపా నుండి ఓడలలో కండెన్స్‌డ్ మిల్కు డబ్బాలను తెప్పించుకునేవారు. మూత తీయకపోతే నెలల తరబడి చెడని ఈ పాలు ఇంటింటికీ చేరి, చివరకు అవే ఆ దేశపు కాఫీకి గుర్తుగా మారాయి. నేడు వియత్నాంలో తాజాపాలు సులభంగా దొరుకుతున్నా కాఫీలో మాత్రం డబ్బాపాలనే వాడుతున్నారు. "ఓంగ్ థో" అనే పేరుతో, తెల్లగడ్డపు వృద్ధుని బొమ్మతో వచ్చే డబ్బా అక్కడి వంటిళ్ళలో సుపరిచితము. దీనిని వినామిల్క్ సంస్థ తయారు చేస్తున్నది.

వియత్నాం యుద్ధపు ఆఖరి ఘట్టం కాఫీ సీమలోనే మొదలైంది. 1975 మార్చిలో ఉత్తర వియత్నాం సేనలు కాఫీకి కేంద్రమైన బువోన్ మా థువోట్ పట్టణాన్ని పట్టుకున్నాయి. అప్పటి నుండి రెండు నెలలు గడవకముందే సైగాన్ పతనమైంది. యుద్ధానంతరం తోటలు ప్రభుత్వ క్షేత్రాలుగా, సహకార క్షేత్రాలుగా మారాయి. దిగుబడి మాత్రం నామమాత్రంగా ఉండేది.

ఈ దశలో తూర్పు జర్మనీ రంగప్రవేశం చేసింది. 1975లో బ్రెజిల్‌లో మంచు కురిసి తోటలు మాడిపోగా ప్రపంచ మార్కెట్టులో కాఫీ ధర విపరీతంగా పెరిగింది. విదేశీమారకం కొరతతో ఉన్న తూర్పు జర్మనీ 1977లో కాఫీలో ఇతర గింజల పొడిని కలిపి అమ్మింది. ప్రజలు దానిని తీవ్రంగా నిరసించారు. మిత్రదేశంలోనే కాఫీ పండించుకుంటే డాలర్లతో పని ఉండదనే ఆలోచనతో 1980లో వియత్నాంతో ఒప్పందం కుదుర్చుకున్నది. యంత్రాలు, లారీలు, నీటిపారుదల సామగ్రి, నిపుణులు డాక్ లాక్ ప్రాంతానికి చేరారు. ప్రతిఫలంగా ఇరవై ఏళ్ళపాటు పంటలో సగం తూర్పు జర్మనీకి చెందాలి. అయితే కాఫీ మొక్క నాటిన తరువాత కాపుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. తోటలు చక్కగా కాపుకు వచ్చే సమయానికి, 1990లో, తూర్పు జర్మనీ అనే దేశమే లేకుండా పోయింది. పంట వియత్నాంకు మిగిలింది.

1986లో వియత్నాం ప్రభుత్వం "దోయ్ మోయ్" (పునరుద్ధరణ) పేరుతో ఆర్థిక సంస్కరణలు చేపట్టింది. భూమిని రైతు కుటుంబాలకు దీర్ఘకాలానికి అప్పగించారు. మైదాన ప్రాంతాల నుండి లక్షలాది మంది పీఠభూమికి వలసవచ్చి కాఫీ నాటారు. 1990వ దశకం ముగిసేసరికి వియత్నాం కొలంబియాను దాటి రెండవ స్థానానికి చేరుకున్నది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ప్రపంచ గణాంకాలలో దాదాపు కనిపించని దేశం నేడు దాదాపు ఆరింట ఒక వంతు కాఫీని పండిస్తున్నదంటే ఈ పెరుగుదల వేగం అర్థమవుతుంది.

దాని ఫలితాన్ని అందరికంటే ముందు అనుభవించినది కూడా ఆ రైతులే. దేశాలవారీగా ఎగుమతి వాటాలను నిర్ణయించే అంతర్జాతీయ ఏర్పాటు 1989లో కూలిపోయింది. సరకు పోటెత్తడంతో 2001 నాటికి కాఫీ ధర ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేనంతగా పడిపోయింది. పీఠభూమిలో అనేకులు కాఫీ చెట్లను నరికి మిరియాలు, మొక్కజొన్న వేశారు. మధ్య అమెరికా, ఆఫ్రికా దేశాల చిన్న రైతులు, భారతదేశంలో కొడగు, వయనాడు ప్రాంతాల రైతులు కూడా ఆ దెబ్బను చవిచూశారు. రెండు దశాబ్దాల తరువాత పరిస్థితి తలక్రిందులైంది. కరవు, తగ్గిన నిల్వల కారణంగా 2024 సెప్టెంబరులో లండన్ మార్కెట్టులో రొబస్టా ధర టన్నుకు 5,000 డాలర్లు దాటింది.

గింజ, వేపుడు

రొబస్టా శాస్త్రీయ నామము కాఫియా కానెఫోరా. అరబికాతో పోలిస్తే దీనిలో కెఫీన్ దాదాపు రెట్టింపు, అంటే బరువులో 2.2 శాతం లేదా అంతకన్నా కొంత ఎక్కువ. చక్కెరలు, నూనెలు తక్కువ. అందుచేత రుచి మొరటుగా, చేదుగా ఉంటుంది, పులుపు తక్కువ. పూల వాసన, పండ్ల వాసన వంటి సున్నితమైన గుణాలను దీనిలో వెదకడం వ్యర్థము. అయితే చిక్కని తియ్యని పాలు కలిపినపుడు అరబికా రుచి పాలలో మునిగిపోతుంది. రొబస్టా చేదు మాత్రం పాలను దాటి పైకి వస్తుంది. వియత్నాం కాఫీకి రొబస్టా తప్పనిసరి అనడంలో ఉన్న సంగతి ఇదే.

గింజలను బాగా నల్లబడేవరకు వేయిస్తారు. సంప్రదాయ పద్ధతిలో దించే ముందు వెన్న, చక్కెర, కొంచెం సారాయి వంటివి చేర్చుతారు. చక్కెర గింజ చుట్టూ పాకంలా కరిగి నల్లని నిగనిగలాడే పొరగా ఏర్పడుతుంది. డికాక్షనుకు చిక్కదనము, కాల్చిన చక్కెర వాసన దీని వలన వస్తాయి. యుద్ధకాలపు కొరత రోజులలో మొక్కజొన్న, సోయాగింజలు వేయించి కలపడం కూడా అలవాటైంది. ఈ కల్తీ తరువాత చాలాకాలం కొనసాగినందున, ఏమీ కలపని కాఫీని "శుభ్రమైన కాఫీ" అని ప్రత్యేకంగా పేర్కొని అమ్మే దుకాణాలు పెద్ద నగరాలలో వెలిశాయి.

ఎత్తైన దా లాట్ పరిసరాలలోనూ, వాయవ్యాన ఉన్న సోన్ లా కొండలలోనూ కొంత అరబికా పండుతుంది. బువోన్ మా థువోట్ కాఫీకి 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే ఏడాది నుండి ఆ పట్టణంలో కాఫీ ఉత్సవం జరుగుతున్నది.

ఫిన్

ఫిన్ నాలుగు భాగాలు గల చిన్న పాత్ర. గ్లాసు అంచుపై ఆనే వెడల్పాటి చిల్లుల పళ్ళెము, దానిపై చిల్లుల అడుగు గల గిన్నె, గిన్నెలో పొడిపై ఉంచే చిల్లుల బిళ్ళ, మూత. చాలా ఫిన్‌లలో పళ్ళెము గిన్నెకు అతికియే ఉంటుంది. అల్యూమినియంతోగాని స్టెయిన్‌లెస్ స్టీలుతోగాని చేస్తారు. ఖరీదు తక్కువ. కాగితము అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. కాఫీ దిగిన తరువాత మూతను వెల్లకిలా పెట్టి ఫిన్‌ను దానిలో ఉంచితే మిగిలిన బొట్లు బల్లపై పడవు.

బిళ్ళలు రెండు రకాలు. కొన్ని కేవలం తమ బరువుతో పొడిపై కూర్చుంటాయి. మరికొన్నింటిని గిన్నె మధ్యలోని మరకు బిగించవలసి ఉంటుంది. మర బిళ్ళతో బిగువును ఇష్టం వచ్చినట్లు మార్చుకొనవచ్చును, కానీ క్రొత్తవారు ఎక్కువ బిగించి నీరు దిగకుండా చేసుకోవడం పరిపాటి. మొదటిసారి కొనేవారికి బరువు బిళ్ళ ఉన్నదే మేలు.

తెలుగువారి ఇళ్ళలో ఉండే ఇత్తడి లేదా స్టీలు కాఫీ ఫిల్టరు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. పైగిన్నెలో పొడి, దానిపై కాడ ఉన్న బిళ్ళ, క్రింద డికాక్షను పట్టే గిన్నె. భేదమల్లా కాలంలోనూ, పొడిలోనూ ఉన్నది. ఫిల్టరులో మెత్తని పొడి వేసి పావుగంట నుండి రాత్రంతా వదిలివేసి, ఇంటిల్లిపాదికీ సరిపడే డికాక్షను తీస్తారు. ఫిన్‌లో కాస్త గరుకు పొడి వేసి, అయిదారు నిమిషాలలో ఒక్కరికి సరిపడా తీస్తారు. ఎవరి ఫిన్ వారి గ్లాసుపైనే ఉంటుంది.

ఇంటిలో తయారు చేయు విధానము

ఒక గ్లాసుకు 20 గ్రాముల కాఫీ పొడి (సుమారు నాలుగు చెంచాలు), 100 మిల్లీలీటర్ల నీరు, 30 నుండి 40 గ్రాముల కండెన్స్‌డ్ మిల్కు (రెండు పెద్ద చెంచాలు), చల్లని కాఫీ కావాలంటే గ్లాసు నిండుగా మంచుముక్కలు అవసరము. 120 మిల్లీలీటర్ల ఫిన్‌కు ఈ కొలతలు సరిపోతాయి. పెద్ద ఫిన్‌లో ఇంత తక్కువ పొడి వేస్తే పొర పలచబడి నీరు త్వరగా జారిపోతుంది.

పొడి విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. భారతదేశపు దుకాణాలలో ఫిల్టరు కాఫీకని అమ్మే పొడిలో సాధారణంగా చికోరీ కలిసి ఉంటుంది. అది మరీ మెత్తగా కూడా ఉంటుంది. చికోరీ నీటిలో జిగురుగా ఉబ్బి ఫిన్ చిల్లులను మూసివేస్తుంది. గింజలు అప్పటికప్పుడు మరపట్టి ఇచ్చే కాఫీ దుకాణంలో "రొబస్టా చెర్రీ" అనిగాని, రొబస్టా పీబెర్రీ అనిగాని అడిగి, చికోరీ లేకుండా, ముదురుగా వేయించినవి తీసుకోవాలి. పొడి బొంబాయి రవ్వ కన్నా కొంచెం సన్నగా, వ్రేళ్ళ మధ్య పలుకు తగిలేలా ఉండాలి. అరకులోయలో పండేది అరబికా. అది మేలైన కాఫీయే అయినా, దానితో చేస్తే వియత్నాం కాఫీ రుచి రాదు. చక్కెర పాలలో దాని సున్నితత్వం వృథా అవుతుంది.

ముందుగా గ్లాసులో కండెన్స్‌డ్ మిల్కు పోయాలి. మందపాటి అడుగు గల గాజు గ్లాసు అయితే కాఫీ దిగడం కనబడుతుంది. ఫిన్‌ను మరిగిన నీటితో ఒకసారి కడిగితే లోహము వేడెక్కి, పోసిన నీరు వెంటనే చల్లారకుండా ఉంటుంది. గిన్నెలో పొడి వేసి, ప్రక్కలు మెల్లగా తట్టి సమంగా పరచి, బిళ్ళను ఉంచాలి. అదమకూడదు.

నీరు మరిగిన తరువాత అర నిమిషం ఆగి, మొదట 25 మిల్లీలీటర్లు మాత్రమే బిళ్ళ మీదుగా పోసి ముప్పై నుండి నలభై సెకన్లు వేచి ఉండాలి. ఈ మొదటి నీరు పొడిని తడిపి ఉబ్బేలా చేస్తుంది. వేయించినపుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు బుడగలుగా బయటకు పోతుంది. ఈ మెట్టును దాటవేస్తే వాయువు నీటిని ప్రక్కలకు తోసి, పొడి మధ్యలో తడవని ముద్దలు మిగులుతాయి. పిదప మిగిలిన 75 మిల్లీలీటర్లు పోసి మూతపెట్టాలి. ఒకటి రెండు నిమిషాలలో మొదటి బొట్టు పడి, మొత్తం దిగడానికి నాలుగు నుండి ఆరు నిమిషాలు పడుతుంది. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీటిని తనలోనే ఉంచుకుంటుంది. కనుక పోసిన 100 మిల్లీలీటర్లలో 60 వరకే గ్లాసులోకి దిగుతాయి. తక్కువ వచ్చిందని మళ్ళీ నీరు పోస్తే రెండవ డికాక్షను పలచగా, చేదుగా వస్తుంది. ఫిల్టరు కాఫీలో రెండవ డికాక్షను తీసే అలవాటు ఉన్నవారు ఇక్కడ దానిని మానుకోవాలి.

తెల్లని పాలపై నల్లని డికాక్షను వేరుగా నిలిచి ఉంటుంది. అడుగు నుండి బాగా కలిపి వేడిగా త్రాగవచ్చును. చల్లని కాఫీకి, కలిపిన తరువాతనే మంచుముక్కలు నింపిన మరో గ్లాసులో పోయాలి. మంచుపై కండెన్స్‌డ్ మిల్కు పోస్తే అది గట్టిపడి అడుగున అంటుకొని కలవదు. డికాక్షను అంత చిక్కగా ఉండడానికి మంచు కూడా ఒక కారణము. కరిగే మంచును దృష్టిలో పెట్టుకొనియే పొడి పాలు ఎక్కువ వేస్తారు. పాలు లేని కాఫీకి గ్లాసులో ఒకటి రెండు చెంచాల చక్కెర వేస్తారు.

రెండు నిమిషాలలోనే అంతా దిగిపోతే పొడి మరీ గరుకుగా ఉన్నట్లు. డికాక్షను నీళ్ళగా, పుల్లగా ఉంటుంది. పది నిమిషాలైనా దిగకపోతే పొడి మెత్తనైనా, బిళ్ళ బిగువైనా కారణం కావచ్చును. చెంచా కొనతో బిళ్ళను కొద్దిగా పైకి లేపితే సాధారణంగా ప్రవాహం మొదలవుతుంది. అడుగున నలకలు కనిపించడం లోహపు వడపోతలో సహజము, అయితే బురదలా చేరితే పొడిని మార్చుకోవాలి. వేడి కాఫీ దిగేలోగా చల్లారిపోతుందన్న ఫిర్యాదు వియత్నాంలోనూ ఉన్నది. అక్కడ గ్లాసును వేడినీటి గిన్నెలో ఉంచి దానిపై ఫిన్ పెడతారు.

ఫిన్ దొరకనివారు మామూలు కాఫీ ఫిల్టరులో మెత్తని పొడి, చికోరీ లేకుండా వేసి, నీరు తగ్గించి, మొదటి డికాక్షనును మాత్రమే వాడుకొనవచ్చును. రుచి చాలావరకు దగ్గరగా వస్తుంది. ఇన్‌స్టంట్ కాఫీతో చేసినది వేరే పానీయము.

కండెన్స్‌డ్ మిల్కు డబ్బా తెరచిన తరువాత మిగిలిన పాలను డబ్బాలోనే ఉంచక, గాజుసీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

రకాలు

గుడ్డు కాఫీ: దీనిని కా ఫే చుంగ్ అంటారు. 1946లో హనోయ్‌లోని మెట్రోపోల్ హోటలులో పనిచేస్తున్న న్గుయెన్ వాన్ జాంగ్ దీనిని రూపొందించాడు. ఫ్రెంచివారితో యుద్ధం ముంచుకువస్తున్న ఆ రోజులలో పాలు దొరకలేదు. పాల నురుగుకు బదులుగా గుడ్డులోని పచ్చసొనను చక్కెరతో గిలకొట్టి కాఫీపై వేశాడు. తరువాత ఆయన స్థాపించిన జాంగ్ కఫే హనోయ్ పాత నగరంలో ఇప్పటికీ ఆయన కుటుంబం చేతిలోనే నడుస్తున్నది. ఇంటిలో చేయాలంటే ఒక పచ్చసొనకు రెండు చెంచాల కండెన్స్‌డ్ మిల్కు చేర్చి, పసుపు రంగు పోయి తెల్లని నురుగుగా ఉబ్బేవరకు అయిదు నిమిషాలకు పైగా గిలకొట్టి, వేడి డికాక్షనుపై పోయాలి. నీచు వాసన రాకుండా ఉండాలంటే గుడ్డు తాజాగా ఉండాలి, తెల్లసొన ఏమాత్రం కలవకూడదు. ఇది పూర్తిగా ఉడకని గుడ్డు కనుక గర్భిణులు, పసిపిల్లలు, వ్యాధినిరోధక శక్తి తగ్గినవారు త్రాగరాదు.

బాక్ సీయు: పాలు ఎక్కువ, కాఫీ తక్కువ. సైగాన్‌లోని చీనీయుల వాడకం నుండి వచ్చింది. ఈ పేరు కాంటనీస్ భాషలోని తెలుపు, కొంచెము అనే మాటల నుండి ఏర్పడింది.

ఉప్పు కాఫీ: 2010లో హ్యూ నగరంలోని ఒక చిన్న కాఫీ కొట్టులో మొదలై దేశమంతటా వ్యాపించింది. చిలికిన మీగడలో చిటికెడు ఉప్పు కలిపి కాఫీపై వేస్తారు. ఉప్పు చేదును అణచివేస్తుంది.

ఇవిగాక పెరుగు కాఫీ, కొబ్బరిపాల కాఫీ, సైగాన్ పాత వాడలలో గుడ్డసంచితో వడకట్టే కాఫీ ఉన్నాయి. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే కాఫీకి పెద్ద ధర పలుకుతుంది. అయితే దీని కోసం పునుగుపిల్లులను ఇరుకు బోనులలో బంధించి కాఫీ పండ్లు మాత్రమే మేపుతున్నారన్న విమర్శ ఉన్నది. ఆ పేరుతో అమ్మే దానిలో నకిలీ సరకు కూడా చాలా ఎక్కువ.

జనజీవనంలో

కాలిబాటపై మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ పీటలు వేసి కాఫీ అమ్మే కొట్లను "కప్ప కాఫీ" అంటారు. అక్కడ కూర్చున్నవారి భంగిమ కప్పను పోలి ఉంటుందని ఈ పేరు. బొట్టు పడేవరకు ఎదురుచూడడం, మాట్లాడుకోవడం అక్కడ పనిలో భాగమే. దక్షిణాదిన కాఫీతో పాటు ఒక గ్లాసు చల్లని పలచని టీని ఉచితంగా ఇస్తారు. ట్రుంగ్ న్గుయెన్ సంస్థ 1996లో బువోన్ మా థువోట్‌లో మొదలై, దేశమంతటా శాఖలు పెట్టి, ఇన్‌స్టంట్ పొట్లాల ద్వారా విదేశాలకూ చేరింది.

సాగు, నీరు, భూమి

పీఠభూమిలో నవంబరు నుండి ఏప్రిల్ వరకు వాన దాదాపు ఉండదు. ఈ ఎండకాలంలో మొక్కకు నీరు కట్టితేనే పూత సమంగా వస్తుంది. అధిక దిగుబడికి అలవాటుపడిన రైతులు బావుల నుండి, బోర్ల నుండి విరివిగా నీరు తోడడంతో భూగర్భజలం క్రిందికి పోయింది. 2016 నాటి కరవులో వేలాది హెక్టార్ల తోటలు ఎండిపోయాయి. తోటల కోసం అడవి నరికినందున నేల నీటిని పట్టి ఉంచే శక్తి కూడా తగ్గింది. చాలా తోటలలో చెట్లు ముదిరిపోగా తిరిగి నాటడం సాగుతున్నది. 2022 తరువాత చైనాకు డూరియన్ పండ్ల ఎగుమతి పెరగడంతో కొందరు రైతులు కాఫీని తీసివేసి డూరియన్ వేశారు.

భూమి ప్రశ్న ఇంకా చిక్కనిది. పీఠభూమి ఎదె, జరాయ్, మ్నోంగ్ తదితర తెగల నివాసము. వారిలో పలు తెగలు పోడు వ్యవసాయం చేసేవి. పల్లె భూమి అందరిదీ. 1975 తరువాత ప్రభుత్వ ప్రోత్సాహంతో మైదానాల నుండి వచ్చిన కిన్ ప్రజల సంఖ్య పెరిగి, ఆదివాసులు తమ నేలలోనే అల్పసంఖ్యాకులయ్యారు. భూమి, మతస్వేచ్ఛల విషయమై 2001లోనూ, 2004లోనూ పీఠభూమిలో పెద్ద ఆందోళనలు జరిగాయి. ప్రభుత్వం వాటిని అణచివేసింది. కాఫీ వలన దేశానికి కలిగిన సంపద గురించి చెప్పేటప్పుడు ఈ విషయాన్ని విడిచిపెట్టడం సరికాదు.

ఆరోగ్యము

ఇంటిలో చేసుకొనేవారు ముఖ్యంగా గమనించవలసినది కెఫీన్ మోతాదు. 20 గ్రాముల రొబస్టా పొడిలో 2.2 శాతం చొప్పున 440 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతా డికాక్షనులోకి దిగకపోయినా చాలా భాగం దిగుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు ప్రమాదం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ పేర్కొన్నది. గర్భిణులకు ఆ పరిమితి 200. అంటే ఒక్క గ్లాసుతోనే పెద్దల పరిమితికి చేరువ కావచ్చును, గర్భిణులు దానిని దాటిపోవచ్చును. చికోరీ కలిసిన ఫిల్టరు కాఫీని రోజుకు మూడు నాలుగుసార్లు త్రాగే అలవాటుతో దీనినీ అలాగే త్రాగితే గుండెదడ, నిద్రలేమి కలుగవచ్చును. పరీక్షల సమయంలో విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. పొడిని 12 గ్రాములకు తగ్గించి చిన్న ఫిన్ వాడడం ఒక మార్గము.

కండెన్స్‌డ్ మిల్కు బరువులో సగానికి పైగా చక్కెరే. 40 గ్రాముల పాలతో 20 గ్రాములకు పైగా చక్కెర శరీరంలోకి చేరుతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది తగిన పానీయము కాదు. వారు చక్కెర లేని కా ఫే దెన్ త్రాగవచ్చును. లోహపు వడపోత కాగితంలా కాఫీ నూనెలను ఆపదు. ఈ నూనెలలోని కెఫెస్టాల్ రక్తంలో కొలెస్టరాలును పెంచుతుంది. అయితే రొబస్టాలో ఇది అరబికాలో కన్నా తక్కువ.

ఇతర దేశాలలో

1975 తరువాత దేశం విడిచిన శరణార్థులతో ఈ కాఫీ అమెరికా, ఫ్రాన్సు, ఆస్ట్రేలియాలకు చేరింది. అమెరికాలో అప్పట్లో ముదురుగా వేయించిన రొబస్టా దొరకడం కష్టంగా ఉండేది. ఫ్రెంచి సంప్రదాయం ఉన్న న్యూ ఓర్లీన్స్ నగరపు కఫే దు మోండ్ వారి పసుపుపచ్చని డబ్బా కాఫీ వారికి తమ దేశపు రుచికి దగ్గరగా తోచింది. కాలిఫోర్నియాలోని వియత్నామీ భోజనశాలలలో నేటికీ ఆ డబ్బాలే కనిపిస్తాయి. దానిలోని ముదురు చేదు రొబస్టాది కాదు, చికోరీది. తెలుగువారు తమ ఫిల్టరు కాఫీలో వాడే చికోరీయే అది. వియత్నాంలో మాత్రం కాఫీలో చికోరీ కలిపే అలవాటు సాధారణంగా లేదు.